ఇన్నయ్య చేసిన ఫోను

ఇరవై రెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నేను మఠంలో ఉండే సిస్టర్‌ని. పల్నాడులోని కాన్వెంటు స్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినదాన్ని. అబద్ధమాడిన పిల్లల్ని ఎంతమందిని నా టేబుల్ ముందు నిలబెట్టానో గుర్తు లేదు. నన్ను మాత్రం ఎవరూ నిలబెట్టలేదు. ఈ బట్టల్ని చూసి మమ్మల్ని నమ్ముతారు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో గురజాల వైపు ఒక స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌ని. హాస్టలూ నేనే చూసేదాన్ని. కరుణ ఆ హాస్టల్లో పదో తరగతి పిల్ల. ఊరు రాజుపాలెం దగ్గర. తల్లి లేదు. తండ్రి సున్నపు బట్టీల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఆదివారం పూజ అయ్యాక వచ్చి, దగ్గుతూనే కూతురి మార్కులు అడిగేవాడు. చదవడం రాదు. అయినా ప్రోగ్రెస్ కార్డు చేతికి తీసుకుని చాలాసేపు చూసేవాడు.

పబ్లిక్ పరీక్షల్లో ఆఖరిది సోషల్. దానికి ముందురోజు మధ్యాహ్నం ఆఫీసులో ఫోను మోగింది. నేనే ఎత్తాను. కరుణ బాబాయి ఇన్నయ్య, నరసరావుపేటలో ఆసుపత్రి ఎదుటి ఎస్టీడీ బూత్ నుంచి. అన్నకు ఊపిరి అందడం లేదని, డాక్టర్లు ఆశ లేదంటున్నారని చెప్పాడు. పిల్లని చూడాలని అడుగుతున్నాడట. ఈ పూటే పంపించమన్నాడు.

పంపిస్తానన్నాను. పెట్టేశాను.

కరుణ ఎదురుగా వరండాలోనే కూర్చుని మ్యాపు గీసుకుంటోంది. పిలవడానికి నోరు తెరిచాను. పిలవలేదు. ఇంకొక్క పరీక్షే కదా, ఇప్పుడు పంపితే రాయదు, మళ్లీ చదువు మొహం చూడదు, రేపు పరీక్ష అవగానే నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తాను, ఒక్క రాత్రిలో ఏమవుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా ఆ పిల్ల కోసమేనా? ఆ పేపరు జూన్‌లో మళ్లీ రాసుకోవచ్చని నాకు తెలుసు. అలా రాస్తే మండలం ఫస్ట్ మాత్రం రాదు. ఈసారి మండలం ఫస్ట్ మా స్కూలుదేనని ఆ నెలంతా అందరికీ చెప్పుకు తిరిగింది నేనే. ఆ నిమిషంలో ఏది ముందు తట్టింది? ఇప్పటికీ తెలియదు. తెలిసినా ఒప్పుకోవడానికి భయమేమో.

మర్నాడు కరుణ నవ్వుతూ పరీక్ష హాల్లోంచి వచ్చింది. నాన్నకు బాగాలేదని మీ ఊరివాళ్లెవరో ఇప్పుడే చెప్పి వెళ్లారన్నాను. ఆసుపత్రికి వెళ్తే తెల్లవారుజామునే పోయాడని, ఊరికి తీసుకెళ్లారని నర్సు చెప్పింది. రాత్రంతా ఎవరు తలుపు తీసినా కూతురేమోనని తలెత్తి చూశాడట.

మేం ఊరు చేరేసరికి ఇంటి ముందు బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. కరుణ తండ్రి దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా బాబాయి మీదికి వెళ్లి, నాకెందుకు చెప్పలేదని చొక్కా పట్టుకుని గుంజింది. నిన్ననే స్కూలుకు ఫోను చేశానన్నాడు ఇన్నయ్య. అతనికి తాగుడు ఉంది. అప్పుడూ కాళ్ల మీద నిలబడలేకుండా ఉన్నాడు. తాగి ఎవరికి చేశాడోనని చుట్టుపక్కలవాళ్లు అన్నారు. కరుణ నా వైపు తిరిగింది.

“సిస్టర్, బాబాయి ఫోన్ చేశాడా?”

“నాకు రాలేదమ్మా.”

అంతే. ఇన్నయ్య నన్ను చూశాడు. కళ్లలో కోపం లేదు. అర్థంకానట్టు కాసేపు చూసి తల దించుకున్నాడు.

ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెప్పాను. ఎలా చెప్పాను? అబద్ధమాడాను ఫాదర్ అన్నాను. ఏ అబద్ధమో, ఎవరికి చెప్పానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. జపమాల చెప్పుకోమన్నారు. చెప్పుకున్నాను.

కరుణ మళ్లీ బాబాయి గడప తొక్కలేదు. సెలవులకు కూడా మా దగ్గరే ఉంది. నేనే చదివించాను. ఇప్పుడు సత్తెనపల్లి వైపు ప్రభుత్వ స్కూల్లో టీచరు. నన్ను అమ్మా అని పిలుస్తుంది. పిలిచిన ప్రతిసారీ పలుకుతాను.

అన్న పోయిన ఏడేళ్లకు ఇన్నయ్య స్కూలుకు వచ్చాడు. తాగుడు మానేశానన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“ఆ రోజు ఫోన్ చేశాననే చానా ఏళ్లు అనుకున్నా సిస్టరమ్మా. తాగేవోణ్ణి గదా, చెయ్యకుండానే చేశాననుకున్నానేమో. మీరు అబద్ధం చెప్పరు గదా. మా అన్న నా మూలానే బిడ్డని చూడకుండా పోయాడు. నన్ను క్షమించమని కరుణకి ఒక్క మాట చెప్పండి.”

గదిలో మేమిద్దరమే ఉన్నాం. అప్పుడైనా చెప్పవచ్చు. ఏం చేశాను నేను? అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. నా మాట మీద నమ్మకంతో తన జ్ఞాపకాన్నే అబద్ధం చేసుకున్న మనిషికి టీ తెప్పించి ఇచ్చి పంపించాను. అతను క్షమించమన్నాడని కరుణకు చెప్పాను. అంటే ఫోన్ చేయలేదని ఒప్పుకున్నట్టే కదా అంది. నేను ఊరుకున్నాను.

పోయిన నెల ఇన్నయ్య చనిపోయాడు. కబురొచ్చినా కరుణ వెళ్లలేదు. నాకు ఫోన్ చేసి, మనసు రాలేదని, వెళ్లకపోవడం తప్పా అని అడిగింది. నన్ను అడిగింది. నేను ఏడుస్తున్నానని తెలిసి తనే నన్ను ఓదార్చింది.

ఇప్పుడు చెబితే ఇన్నయ్య తిరిగి రాడు. కరుణకు అమ్మా అని పిలవడానికి ఉన్న ఒక్క మనిషీ పోతుంది. ఇలా ఆలోచించడం ఆమె మీద దయా, నా మీద నాకే దయా? ఎన్నిసార్లు నెంబరు నొక్కానో. ఎత్తగానే మందులు వేసుకున్నావా అమ్మా అంటుంది. వేసుకున్నానంటాను. ఆ తర్వాత ఫోను పెట్టేస్తాను.

మిమ్మల్ని క్షమాపణ అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. అడగవలసినవాడు సమాధిలో ఉన్నాడు. ఇదంతా రాస్తుంటే గుండెల మీద కాస్త తేలికైనట్టుంది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది. ఇంకొక్కటి మిగిలింది. ఇది ఫాదర్‌కే కాదు, నాలో నేను కూడా ఇన్నాళ్లూ అనుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఫోన్లో ఇన్నయ్య గొంతు ఎక్కడా తడబడలేదు. అప్పుడు అతను తాగి లేడు.