మామూలు కాలమ్‌కు ఒప్పుకోని చైత్ర

చైత్రకు పొగరని బెంగళూరు మారతహళ్ళి ఆఫీసులో సగం మంది అంటారు. మిగతా సగం మంది మొండిఘటం అంటారు. అననీ! వాళ్ళ నోళ్ళకు తాళం వేసే ఓపిక మనకెక్కడిది? దొడ్డబళ్ళాపురంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్ల. గట్టిగా అరిస్తే తప్ప పక్కనున్నవాళ్ళకు వినబడని ఇల్లది. ఏసీ గదిలో కూర్చోబెట్టి గొంతు తగ్గించమంటే ఎలా తగ్గుతుంది?

టెస్టు బోర్డులు తయారు చేయడం ఆమె పని. ఈసారి బోర్డు షుగర్ మీటర్లను పరీక్షించేది. ఆనేకల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఆ మీటర్లు తయారవుతాయి. అట్టపెట్టెలోకి వెళ్ళే ముందు ప్రతి మీటరూ ఈ బోర్డు మీద పరీక్ష నెగ్గాలి. ఒకేసారి ముప్ఫై రెండు మీటర్లు పెట్టొచ్చు గానీ, కొలిచే తీగ ఒక్కటే. వంతు వచ్చిన మీటరును ఆ తీగకు కలిపి, మిగతావాటిని విడదీసి ఉంచేవే అనలాగ్ స్విచ్ చిప్పులు. ఏ చిప్పు వాడాలో వెతికి వెతికి చైత్ర ఒకటి ఎంచింది. మేనేజర్ కిరణ్ దాన్ని కొట్టిపారేసి ఇంకో రకం తెప్పించి, బోర్డు నిండా అవే అతికించాడు. చవక, పైగా అడిగిన వెంటనే దొరికింది.

ఆదివారం ఊరి నుంచి అవ్వ నాగమ్మ ఫోను చేసింది.

"ఏమే, ఇంకా ఆ స్విచ్చులేనా? అంగడికి పోయి రెండు తెచ్చుకోక, దానికి ఇంత యోచన ఎందుకే?"

"ఇవి గోడకుండే స్విచ్చులు కాదవ్వా. బియ్యపు గింజంత ఉంటాయి. ఆపినా పూర్తిగా ఆగవు. కొంచెం కొంచెం కరెంటు కారతానే ఉంటాది. వేడి ఎక్కితే ఇంకా కారతాది."

"ఆపినా ఆగకుంటే అదేం స్విచ్చే! మీ తాత నోరు మాదిరి ఉండాది."

చైత్ర పకపకా నవ్వింది. నవ్విందే గానీ, ఫోను పెట్టేశాక మనసు చివుక్కుమంది. అవ్వ రోజూ పొద్దున్నే వేలు గుచ్చుకుని, మీటరు చూపిన అంకెను బట్టి ఇన్సులిన్ వేసుకుంటుంది. అంకె తప్పయితే మందూ తప్పే. అలాంటి పాడు మీటరును బాగుందని పంపించే బోర్డును తన చేతుల మీదుగా పంపడమా? చచ్చినా పంపను అనుకుంది.

సోమవారం మీటింగులో కిరణ్ డేటాషీట్‌ను తెర మీద పెట్టాడు. ఆయనది గుంటూరు వైపు.

"టిపికల్ లీకేజ్ ఎంత తక్కువో చూడు చైత్రా! నీ చిప్‌కీ దీనికీ డిఫరెన్స్ ఏముంది?"

చిప్పు గుణగణాలు చెప్పే ఆ కాగితంలో లీకేజ్‌కు, అంటే ఆపినా కారే కరెంటుకు, రెండు కాలమ్‌లు ఉంటాయి. టిపికల్ అంటే, మామూలుగా ఇంత ఉంటుందిలే అని. మ్యాగ్జిమమ్ అంటే, చిప్పు ఓర్చే వేడి దాకా ఇంతకు మించదని తయారుచేసినవాళ్ళు ఇచ్చే మాట. కిరణ్ తెప్పించిన చిప్పుకు ఆ రెండో కాలమ్‌లో కొండంత అంకె ఉంది. ఆయన ఆ వైపు కన్నెత్తి చూస్తే కదా!

చైత్రకు ఇంగ్లిషు రాక కాదు. కోపమొస్తే ఇంటి తెలుగే తన్నుకొస్తుంది.

"మీరు మామూలు చూసుకొని ఈ చిప్పును ఎంచినారు సార్. అదే తప్పు!"

కిరణ్ మొహం జేవురించింది.

"ఏమన్నావ్? నేను డీలర్ దగ్గర మామూలు తీసుకున్నానా?"

తన నోట ఏం జారిందో చైత్రకు అప్పుడు తెలిసింది. టిపికల్‌ను ఆమె మామూలు చేసింది, ఆ మామూలును ఆయన లంచం చేసుకున్నాడు. పాపం, ఆ ఒక్క సంగతిలో ఆయన్ని తప్పు పట్టలేం. ఏదో ఒక సర్కారు ఆఫీసు మెట్లెక్కి దిగిన ప్రతివాడికీ ఆ మాట వింటే ముందు తోచే అర్థం అదే.

"అయ్యో, లంచమని కాదు సార్! టిపికల్‌ను తెలుగులో అన్నాను, అంతే. ఆ మాట తప్పుగా తగిలుంటే క్షమించండి."

"చిప్ గురించి అన్నది కూడా వెనక్కి తీసుకో."

"అది తగలాల్సినట్లే తగిలింది. వాపసు తీసుకోను." కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది చైత్ర. "ఆనేకల్‌లో ఆ ఫ్యాక్టరీ షెడ్డుకు పైన రేకులు ఉండాయి, ఎండకు కాలిపోతాది. ఒక్కసారి బోర్డును వేడి చేసి చూడండి సార్."

"టైమ్ లేదు. రేపు క్లయింట్ డెమో. అక్కడ నోరు తెరిచావో, ఈ ప్రాజెక్ట్‌లో నువ్వుండవు."

మర్నాడు ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఆదినారాయణప్ప వచ్చాడు. నెరిసిన మీసం, చేతిలో గుడ్డ సంచి. సంచిలోంచి మంచి మీటర్లతో పాటు కావాలనే ఒక పాడు మీటరును కూడా తీసి బోర్డు మీద పెట్టాడు. మంచివాటికి పచ్చ లైటు, పాడుదానికి ఎర్ర లైటు వెలిగాయి. వెలగవా మరి! ఏసీ చల్లగా ఉంది. కిరణ్ మొహం చేటంత అయింది.

చైత్ర నోరు తెరవలేదు. తెరవొద్దన్నారు కదా! తన సంచిలోంచి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తీసింది. మీటర్లకు వేడి తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టి, స్విచ్ చిప్పుల మీదికి వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది.

"చైత్రా, స్టాపిట్!" అని కిరణ్ లేచాడు.

"ఉండప్పా, చూద్దాం," అన్నాడు ఆదినారాయణప్ప.

మళ్ళీ పరీక్ష నడిపారు. పాడు మీటరుకు పచ్చ లైటు వెలిగింది.

ఆదినారాయణప్ప కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాడు. పచ్చే. "ఇప్పుడు నోరు తెరువమ్మా. ఇదెట్ల పాసయింది?"

"పాడు మీటరు ఇవ్వాల్సినదానికన్నా తక్కువ కరెంటు ఇస్తాది సార్. ఆపి పెట్టిన స్విచ్చులన్నీ వేడికి కారి, ఆ కొరత పూడ్చినాయి. బోర్డుకు లెక్క సరిపోయింది."

"షెడ్‌లో ఏసీ పెట్టించుకుంటే..." అని కిరణ్ నీళ్ళు నమిలాడు.

"నీ స్విచ్చుకు మేము ఏసీ పెట్టించాల్నా? బాగుండాదే! ఈ బోర్డు మా గడప తొక్కేకి లేదు." ఆదినారాయణప్ప మీటర్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

కిరణ్ తలుపు వేసి వచ్చాడు. "హ్యాపీనా? చెప్పానుగా, ఈ ప్రాజెక్ట్‌లో నువ్వు లేవు."

మొదటి గీత నుంచీ చైత్ర గీసిన బోర్డు అది. ఏడుపొచ్చింది, మింగేసింది. బోర్డు తీసుకుని తన బల్ల దగ్గరికి పోయి కూర్చుని, చిప్పులు ఊడదీసే వేడిగాలి గన్ను ఆన్ చేసింది. మొదటి చిప్పును పట్టకారుతో లాగి అవతల పారేసింది.

"ఏం చేస్తున్నావ్? నువ్వు లేవన్నానా!"

"సాయంత్రం దాకా ఉండాను సార్. అంతలోపల ఇవన్నీ పీకేస్తాను."

కిరణ్ బోర్డు లాక్కోవడానికి చెయ్యి చాపాడు. చైత్ర గన్ను పక్కకు తిప్పలేదు, తల కూడా ఎత్తలేదు.

"కాలతాది. చెయ్యి తీయండి," అంది.

ఆయన తీశాడు.