చీటీ తీసిన శేషారత్నం

చెరుకుపల్లి దగ్గర పల్లెబడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి నేను. ఆ చదువుతోనే మా పట్టణంలో రెండుసార్లు కౌన్సిలర్‌గా గెలిచాను. వార్డుకు కుళాయిలు తెచ్చింది నేను. గిరిబాబుకు రాజకీయం నేర్పి నా తర్వాత గెలిపించింది నేను. పుట్టుకతో చూపు లేని శేషారత్నానికి మునిసిపాలిటీ గోడ పక్కన బడ్డీ కొట్టు ఇప్పించిందీ నేనే.

మొదట్లో అది టెలిఫోన్ బూత్. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆమె టీ, బిస్కెట్లు పెట్టింది. టీలో పంచదార కనబడలేదని ఎవరైనా అంటే, “నాకూ కనబడదు బాబాయ్, నోటితో వెతుక్కో” అనేది. ఆ కొట్టు మీదే తల్లినీ సాకింది.

మా వార్డు ఆడవాళ్ళు చీటీలు కట్టుకుంటారు. ప్రతినెలా బిందెలో చెయ్యి పెట్టి పేరు తీసేది శేషారత్నమే. చూపు లేదు కనుక మోసం ఉండదని అందరి నమ్మకం. ఆమె చేతికి చీటీ వచ్చాక ఎవరూ మారు మాట్లాడేవారు కాదు.

నిరుడు మునిసిపాలిటీ ఆ గోడ కొట్టేసి కొత్త షాపులు కట్టింది. ఒకటి వికలాంగులకు కేటాయించి, ఎవరికన్నది డ్రా తీసి తేలుస్తామన్నారు. బడ్డీలన్నీ తీసెయ్యాలన్నారు. ఆ షాపు రాకపోతే శేషారత్నానికి బతుకుతెరువు లేదు. గిరిబాబు ఆమె కొట్టు దగ్గరికే వచ్చి దరఖాస్తు తీసుకున్నాడు. అంతా తను చూసుకుంటానన్నాడు. డ్రా రోజున చీటీ కూడా ఆమే తియ్యాలని బతిమాలాడు. ఆమె ఇస్త్రీ చీర కట్టుకొచ్చింది. పూర్వపు కౌన్సిలర్‌నని నాకు శాలువా కప్పి వేదికమీద కూర్చోబెట్టారు.

బిందెలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీసి ఇచ్చింది. గిరిబాబు చదివాడు. తన బావమరిది పేరు. కాలు కొంచెం ఈడుస్తాడు. రేపల్లెలో ఇదివరకే సెల్‌ఫోన్ల షాపుంది.

చప్పట్లు ఆగాక శేషారత్నం నెమ్మదిగా అడిగింది.

“నా పేరు కూడా వేశావా, తమ్ముడూ?”

“తీసేదానివి నువ్వే కదక్కా. నీ పేరు కూడా వేస్తే జనం ఏమనుకుంటారు?”

“మరి నన్నెందుకు పిలిచావు?”

“నీ చెయ్యంటే అందరికీ నమ్మకం కదా.”

నేను మైకు అడిగాను. ఇవ్వలేదు. జాతీయగీతం పెట్టేశారు.

ఆ సోమవారమే ఆమెను తీసుకుని బాపట్ల కలెక్టరాఫీసుకు వెళ్ళాను. ఆమెను వరండాలో బెంచీమీద కూర్చోబెట్టి, అర్జీతో లోపలికెళ్ళాను. ఆఫీసరు ఫోన్లో ఫోటో చూపించాడు. బిందెలో శేషారత్నం చెయ్యి, పక్కన శాలువాతో నేను. “ఆవిడే తీశారు, మీరు సాక్షిగా ఉన్నారు. ఇక మమ్మల్నేం చెయ్యమంటారండి?” అన్నాడు. నా కుళాయిల సంగతి, రెండుసార్లు గెలిచిన సంగతి చెప్పబోయాను. తర్వాతివాళ్ళను పిలిచాడు.

బయటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

“ఏమన్నారు, అన్నయ్యా?”

“చూస్తామన్నారమ్మా.”

ఆమె కర్ర తీసుకుని లేచింది.

“గిరిబాబూ ఇలాగే చూసుకుంటానన్నాడు. మీరు కూడానా?”

బస్టాండు దాకా నా చెయ్యి పట్టుకోలేదు.