గొంగళిపురుగు చెప్పిన చలి

రిటైరవడానికి రెండేళ్ల ముందు, నవంబరు నెలలో, నన్ను సౌదీ ఎడారిలో హఫర్ అల్ బాతిన్ దగ్గరి పైపులైను సైటుకి సేఫ్టీ ఆఫీసరుగా వేశారు. పనివాళ్లుండేది పోర్టా క్యాబిన్లలో. అవి రేకు గదులు, గదికి ఆరుగురు.

తొలి వానలకి ఎడారి కాస్త పచ్చబడింది. పైపుల కోసం తవ్విన కందకం గట్టున గొంగళిపురుగులు బయల్దేరాయి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఫోర్‌మన్ మల్లయ్య ఒకదాన్ని పుల్ల మీద ఎక్కించుకుని నా ఆఫీసుకే తెచ్చాడు.

"సార్, దీని బొచ్చు సూడున్రి, ఎంత మందమున్నదో. గొర్లు కాసే సూడాని ముసలాయన గూడ అన్నడు, ఈసారి సలి సంపుతదని. రూములల్ల హీటర్లు పెట్టియ్యున్రి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఫోనులో వాతావరణ సూచన తీసి చూపించాను, పది రోజులూ మామూలు చలే. పురుగుని చూసి హీటర్లకి ఇండెంటు పెడితే ముదీర్, అంటే మా మేనేజరు, కాగితం నా మొహాన కొడతాడన్నాను. మల్లయ్య వాదించలేదు. "ఖల్లివల్లి సార్, పోనీయున్రి" అని వెళ్లిపోయాడు. నేనే గెలిచాననుకున్నాను.

నెల తిరిగేసరికి ఉత్తరపు గాలి మొదలైంది. రెండోరోజు తెల్లారి టూల్‌బాక్స్ టాక్‌లో, అంటే పనికి ముందు జాగ్రత్తలు చెప్పే చోట, తలలు లెక్కపెడితే ఆరుగురు తక్కువ. మల్లయ్యా, అతని గదిలోవాళ్లూ.

వెళ్లి తలుపు బాదాను. ఎవరూ పలకలేదు. తోస్తే కదల్లేదు, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. గాలి కంతకి స్పాంజి కోసి పెట్టి, పైన టేపు బిగించారు. ఆ టేపు మీద దుమ్ము పేరుకుని ఉంది. అది నిన్న వేసింది కాదు. వారం వారం ఆ గదులు తనిఖీ చేసి, 'గాలి ఆడుతోందా' అన్న గడిలో టిక్కు పెట్టింది నేనే.

గడ్డపారతో తలుపు పెకలించాం. గది మధ్యలో నూనె డబ్బా కోసి చేసిన కుంపటి. బూడిద కింద బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. బొగ్గు వదిలే విషవాయువుకి రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. లోపలికి దూకబోయినవాళ్లని ఆపి ముందు కిటికీ పగలగొట్టించాను. గాలి ఆడాక ఒక్కొక్కరినీ బయటికి ఈడ్చాం. ఐదుగురు మూలిగారు. మల్లయ్య మూలగలేదు, ఊపిరి మాత్రం సన్నగా ఆడుతోంది. అంబులెన్సు వచ్చేదాకా ఆక్సిజన్ మాస్కు అతని మొహానికి అదిమి పట్టుకుని కూర్చున్నాను. అంత భయం నా సర్వీసులో మళ్లీ పడలేదు.

మూడోనాడు ఆసుపత్రిలో మల్లయ్య కళ్లు తెరిచాడు. "సలి ముందుగాల్నే ఎర్కైంది గద సార్, మా తయారి మేం చేస్కున్నం" అన్నాడు.

పురుగు బొచ్చుకీ చలికీ సంబంధం ఉందని నేనిప్పటికీ నమ్మను. ఆ రోజు మల్లయ్యతో పురుగు గురించి వాదించాను గానీ, హీటరు లేకపోతే ఏం చేస్తావని అడగలేదు. తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరే శకునం చెప్పినా ముందు 'అయితే ఇప్పుడేం చేస్తావు' అనే అడిగాను.