టీచర్ గొంతుతో వచ్చిన వార్త

మా ఫిజిక్స్ టీచర్ పోయారన్న వార్త మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులోనే వచ్చింది. వనపర్తి నుంచి ఒకరు పెట్టారు. కింద దండం బొమ్మలు పడకముందే ఒకరు రాశారు: "ఎవరు జూసిండ్రు?"

అది టీచర్ మాటే. మేం ఏ వార్త పంపినా ముందు అదే అడిగేవారు. కాసేపటికి టీచర్ నంబరు నుంచే జవాబొచ్చింది. "నేను జూసిన. పక్కనే కూసున్న." రాసింది సార్, అంటే ఆమె భర్త. అది అర్థమైనా, ఆ మాటల పక్కన ఫొటోలో ఆమె నవ్వుమొహం చూసి ఫోన్ బోర్లించి పెట్టాను.

రిటైరయ్యాక టీచర్ రోజూ పొద్దున ఆ గ్రూపులో వార్తలు చెప్పేవారు. ఉపగ్రహాలు, కొత్త టీకాలు, కృష్ణకు వస్తున్న వరద, ఏదైనా సరే, తన గొంతుతో, బడిలో చెప్పినట్టే. వెనక టీ గిన్నె చప్పుడు వినిపించేది. తెలియకపోతే "నాకు తెల్వదు, కనుక్కొని చెప్త" అనేవారు. తప్పకుండా చెప్పేవారు. ఏ మాటనైనా నలుగురికి పంపే ముందు నేనిప్పుడు ఆగుతున్నానంటే అది ఆమె చలవే.

ఒకసారి, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఒక వీడియో మా ఊళ్లన్నీ చుట్టింది. అమరచింత దగ్గర దుప్పట్లు అమ్ముకునే మనిషిని కట్టేశారని గ్రూపులో ఫొటో పడింది. టీచర్ పోలీసులకు ఫోన్ చేసి, ఆటో మాట్లాడుకుని తానూ వెళ్లారు. వీడియో ఆపి, అందులోని దుకాణం బోర్డు మీద అక్షరాలు చూపించారట.

"గిది మన దేశమే గాదు. పోయిన పిల్లగాడు ఎవరి కొడుకో చెప్పుండ్రి."

ఆ ఊళ్లో పిల్లలెవరూ పోలేదు. పోలీసులు వచ్చేదాకా ఆమె అతని పక్కనే నేల మీద కూర్చున్నారు. మర్నాటి వార్తల్లో ఆ సంగతి ఎత్తలేదు.

ఆమె పోయిన కొద్ది రోజులకు, గద్వాలలో నా చీరల దుకాణం తెరుస్తుంటే గ్రూపులో వాయిస్ మెసేజ్ వచ్చింది. నొక్కాను.

"అందరికి నమస్తె. ఇయాల్టి ముచ్చట్లు వినుండ్రి."

టీచరే. తాళం అలాగే వదిలేసి ఫోన్ చెవికి ఆనించుకున్నాను. అంతకు ముందురోజు ఎగిరిన రాకెట్ గురించి చెబుతున్నారు. వెనక ఏ చప్పుడూ లేదు.

హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా క్లాస్‌మేట్, ఆమె పాత మెసేజులన్నీ ఏఐకి ఇచ్చి ఆ గొంతు తయారుచేయించాడు. "టీచర్ వార్తలు ఆగొద్దని చేసిన" అన్నాడు. కొందరు ఏడుస్తూ మెచ్చుకున్నారు. రోజూ వినసాగాం. నెట్‌లో దొరికిన వార్తలను అదే ఏరుకుని, అదే చదివేది.

ఒక పొద్దున ఆ గొంతు మధ్యాహ్నానికల్లా భూకంపం వస్తుందని, ఇండ్లలో ఉండొద్దని చెప్పింది. అయిజలో మా స్నేహితురాలు బాలింత కూతురిని, పసిగుడ్డును ఎండలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. మేం ఎంత చెప్పినా లోపలికి పోలేదు.

"టీచర్ చెప్పినంక ఎట్ల పోవాలె?" అంది.

భూకంపం రాలేదు. పసిబిడ్డకు మాత్రం జ్వరం వచ్చింది. దవాఖానలో తగ్గింది.

ఆ ఆదివారం క్లాస్‌మేట్, నేను వనపర్తి వెళ్లి సార్ ముందు కూర్చున్నాం.

"తప్పయింది సార్. తీసేస్త" అన్నాడు అతను.

"తీసెయ్యి బిడ్డా. ఇన్నొద్దులు వినబుద్ధి గాలే, జర ఒక్కపారి నాకు వినిపియ్యి."

ఫోన్ ఆయన చేతిలో పెట్టాడు. సార్ కళ్లు మూసుకుని విన్నారు.

"గొంతు ఆమెదే. గానీ ఊపిరి తీస్తలేదు" అన్నారు. "మా ఆమెకు ఆయాసం గద. మాటమాటకు ఆగేది. మీకు పంపేటప్పుడు రికార్డులకెల్లి ఆ ఊపిర్లన్నీ నేనే కోసేసేది."

ఆ గొంతు ఎక్కడా ఆగకుండా సాగిపోతోంది. సార్ మాత్రం, ఆమె ఆగే చోటల్లా, మెల్లగా ఊపిరి పీల్చుకుంటున్నారు.