గజాల్

కడప బుడేన్ సాహెబ్ గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో కఫీల్ (వీసా ఇప్పించిన అరబ్బు యజమాని) జీపు నడపడానికి చేరి మూడు వారాలే అయింది. వీసా ఇంకా పక్కా కాలేదు. 2008 జనవరిలో, ఎముకలు కొరికే చలివానలో, కఫీల్ కంచె వేయించుకున్న తన సొంత ఎడారిలో జింక వేటకు బయల్దేరాడు. వెనక సీట్లో, ఆయన దగ్గరే పాత పనివాణ్నైన నేను.

ఉన్నట్టుండి కఫీల్ తుపాకీ ఎత్తి, "గజాల్! గజాల్!" అని గుసగుసలాడాడు. అరబీలో జింకని అలాగే అంటారు. బుడేన్ సాహెబ్‌కి తెలిసింది ఉర్దూ గజల్ ఒక్కటే. పాట అడిగాడనుకుని క్యాసెట్ పెట్టాడు. హార్మోనియం మోగింది. జింక పారిపోయింది.

"ఖలాస్," అన్నాడు కఫీల్.

"అయిపోయింది వేటనా, నా నౌకరీనా? నువ్వడుగు అబ్బయా!" అని బుడేన్ సాహెబ్ నావైపు తిరిగాడు.

"నోరు నీకూ ఉందిగా చిచ్చా!"

ఆయనా అడగలేదు. క్యాసెట్ ఆపేసి జీపు ఇంటివైపు తిప్పాడు. గేటు దగ్గర దిగుతూ కఫీల్, "బుక్రా, నాలుగింటికి," అన్నాడు.

"బుక్రా అంటే రేపేగా? నిజంగా రేపేగా అబ్బయా?"