సత్యవేడులో సొరకాయ జ్యూసు

ఒక సీసా సొరకాయ జ్యూసు కుదిరిన పెళ్ళిని ఏ గతి పట్టించగలదో మీకు తెలియదంటే మీరు అదృష్టవంతులు. నాకు తెలుసు. అనుభవించి చెబుతున్నాను, వినండి.

మా చెల్లెలు సుజాత తిరుపతిలో తనతోపాటు పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. వాళ్ళది సత్యవేడు, మాది ఐరాల, రెండిళ్ళదీ సేద్యమే. మాటలన్నీ కుదిరాయి. నాయన లేరు గనుక పెద్దమనిషిగా నేను అమ్మను వెంటబెట్టుకుని సత్యవేడు పోయి, అబ్బాయి ఇంట్లో ఒక పూట భోంచేసి రావడమే మిగిలింది.

ఆ పెద్దమనిషికి సరిగ్గా అప్పుడే తన పొట్ట మీద అనుమానం వచ్చింది. పెళ్ళిలో అందరి కళ్ళూ దాని మీదే పడతాయని బెంగ. ఫోనులో ఎవరో కండలాయన ఒట్టి జ్యూసులు తాగితే మంచులా కరిగిపోతారన్నాడు. నమ్మేశాను. పొద్దున సొరకాయ, మధ్యాహ్నం కీరదోస, సాయంత్రం ఎవరి మీదైనా అరవడం. ఇదీ నా దీక్ష. అమ్మ చూసి చూసి, "బర్రె కూడా ఒట్టి కుడితి తాగి ఊరుకోదురా, పైన ఇంత గడ్డి తింటాది" అనింది. పాపం, పాతకాలం మనిషి అని జాలిపడ్డాను.

సత్యవేడులో మాకు రాజమర్యాద చేశారు. అరిటాకు వేసి రాగి సంగటి, నాటుకోడి పులుసు, వడలు, పాయసం వడ్డించారు. నేను సంచిలోంచి సీసా తీసి, పచ్చటి జ్యూసు రెండు గుక్కలు తాగి, "నాకు ఇది చాలండి" అన్నాను.

మా వైపు సంగతి ఒకటి మీకు చెప్పాలి. సంబంధం మాటలకు పోయినవాళ్ళు ఆ ఇంట్లో భోజనానికి కూర్చుని చేయి తడిపారంటే పెళ్ళి ఖాయం. ఆకు ముట్టకుండా లేచారంటే సంబంధం వద్దని అర్థం. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కానీ ఆ పూట నా బుర్రలో ఉన్నదంతా సొరకాయే. అమ్మ నా తొడ గిల్లింది. అప్పటికే ఇల్లంతా చల్లబడిపోయింది.

అబ్బాయి నాయన మెల్లగా అన్నాడు. "ఇష్టం లేకుంటే నేరుగా చెప్పుండొచ్చు గదప్పా. ఇంత దూరం వచ్చి, మా ఆకు ముందర మీ ఇంటి సీసా తీసి తాగాల్నా?"

బరువు తగ్గాలని తాగుతున్నానన్నాను. ఇంత పొట్ట పెట్టుకుని జ్యూసు దీక్షంటే ఎవరూ నమ్మలేదు. కంగారుపడి సంగటి మీద చేయి వేయబోతే, బలవంతంగా తినాల్సిన పని లేదని ఆయన ఆకులు తీసేయమన్నాడు. అంతలో సుజాత ఫోను. అబ్బాయి లోపలికి పోయి అప్పుడే దానికి ఫోను చేసి చెప్పేశాడు కాబోలు. ఏడవలేదు, అరవలేదు. "అన్నా, నీకు ఈ సంబంధం ఇష్టం లేదా?" అనింది, అంతే. నా పొట్ట కోసం దాని బతుకు పాడు చేశానే అని సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు మూలన కూర్చున్న వాళ్ళ అవ్వ ఆకు తీయబోతున్న కోడల్ని ఆపి, నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకు నాయనా సన్నబడాలని?"

"చెల్లెలి పెళ్ళిలో బాగుండాలని, అవ్వా."

"నువ్వు తినకుంటే ఆ పెండ్లే లేదు. ఇంగ సన్నబడి యాడికి పోతావు? కూసోని తిను."

ముందు నవ్వింది అబ్బాయి నాయనే. ఆ నవ్వు వినగానే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, అవి కనబడకుండా తల వంచుకుని ముద్ద మింగాను. తర్వాత నేనేం చేశానో వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంట్లోవాళ్ళ కోసం దాచిన సంగటి కూడా నా ఆకులోకే వచ్చిందట. పెళ్ళివారు ఇంత గట్టిగా ఒప్పుకోవడం తన ఆయుష్షులో చూడలేదని అవ్వ అనింది. ఆ తల్లికి నేను రుణపడిపోయాను. ఇంకో ఇంటివాళ్ళయితే మమ్మల్ని సీసాతో సహా బస్సెక్కించేవాళ్ళు.

కాబట్టి అందరి ఎదుటా ఒట్టు పెడుతున్నాను. ఇక ఈ జన్మలో జ్యూసు దీక్ష పట్టను. సుజాతకు ఇప్పుడు కూతురు. రేపు ఆ పిల్ల సంబంధానికి పోయి ఆకు ముందు కూర్చోవాల్సిన మేనమామను నేను. అప్పటిదాకా ఈ ఆకలిని కాపాడుకోవడం నా బాధ్యత.