తూర్పు చెరువు ప్లగ్గు

అప్పట్లో నేను వట్లూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు, అందులోనూ లినక్స్, చెప్పేదాన్ని. పొగరు కూడా బాగానే ఉండేది. పెదపాడు దగ్గర రెండు చేపల చెరువులున్న ఒక పెద్దాయన కోసం, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూపే మీటర్లు రెండు తెచ్చి, చెరువుకొకటి దించి, షెడ్డులోని కంప్యూటర్‌కి తగిలించాను. ఆ మీటర్లు చెప్పేది కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేసే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, నేనే రాశాను. ఆక్సిజన్ తగ్గితే చేప చస్తుంది. వెంటనే ఆ చెరువుకి మోటారు వేసి కొత్త నీళ్లు పెట్టాలి. అంతకుముందు ఆయన రోజూ తెల్లవారుజామున గట్టెక్కి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయేమోనని కళ్లతో చూసుకునేవారు.

“ఇంక మీకా తిప్పలెందుకండీ, తెర చూసుకోండి చాలు” అన్నాను.

పది రోజులకి ఫోన్. “మేడంగారూ, ఒకసారి వస్తారాండీ?” అన్నారంతే. వెళ్లి చూద్దును కదా, తూర్పు చెరువు నిండా చచ్చి తేలిన చేపలు! పరుగున షెడ్డులోకెళ్లి కంప్యూటర్ చూశాను. తెర మీద మాత్రం తూర్పు చెరువు నిక్షేపంలా ఉంది. పడమటి చెరువులో ఆక్సిజన్ తగ్గిందని చూపిస్తే, పాపం, ఆయన రాత్రి దానికే మోటారు వేసి పడుకున్నారట.

కంప్యూటర్‌ని లోపలినుంచి నడిపే కెర్నల్ తాను చేసిన ప్రతి పనీ రాసుకునే చిట్టా, ఆ కెర్నల్ లాగ్ అంతా జల్లెడ పట్టాను. ఒక్క తప్పూ లేదు. రెండు మీటర్లనీ డ్రైవర్ సరిగ్గానే పట్టుకుంది. మాయదారి కెర్నల్ అని తిట్టుకుంటూ అడిగాను: “నిన్న కరెంటు పోయిందా అండీ?”

“పోయిందండీ. వచ్చేటప్పుడు హై ఓల్టేజీ వస్తుందని వైర్లన్నీ పీకేశాను. తరవాత మళ్లీ పెట్టేశానండీ.”

“ఎలా పెట్టారో అలాగే పెట్టి చూపించండి.”

ఏ పనైనా తూర్పు నుంచి మొదలుపెట్టడం ఆయన అలవాటు. తూర్పు చెరువు వైరే ముందు గుచ్చారు. ముందొచ్చిన మీటరుకి కెర్నల్ మొదటి నెంబరిచ్చింది. నేనేమో బిగించిన రోజు, షెడ్డుకి దగ్గర కదా అని పడమటిది ముందు గుచ్చి, మొదటి నెంబరంటే పడమర అని రాసిపారేశాను. ఓరి భగవంతుడా! తెర మీద తూర్పూ పడమరా తారుమారయ్యాయి. ప్రతి మీటరుకీ సొంత సీరియల్ నెంబరుంది. నా డ్రైవర్ దాన్ని చదవనే లేదు.

దిద్దడానికి పావుగంట పట్టింది. సిగ్గుతో చచ్చిపోతూ, “తప్పు నాదేనండీ” అన్నాను.

ఆయన కోప్పడలేదు. చెరువు వైపు చూస్తూ మెల్లగా అన్నారు: “రాత్రి తూర్పు చెరువులో చేపలు కొట్టుకుంటున్న చప్పుడు వినపడిందండీ. మేడంగారి తెర బాగానే ఉందంటోంది కదా అని, లేచి చూడలేదండీ.”